పెళ్లిళ్ల సీజన్ వచ్చింది, ఆ ట్యూబు ముఖానికి పూయకండి

గత వారం హనుమకొండలో మా మేనకోడలిని చూసి గుండె చెరువైంది. పెళ్లి ఇరవై రోజుల్లో ఉంది. బుగ్గల మీద, గడ్డం చుట్టూ ఎర్రటి పొక్కులు, అన్నీ ఒకే పరిమాణంలో, ఆవగింజలు చల్లినట్టు. చన్నీళ్లు తగిలినా మంటేనట. సంచిలోంచి ఒక ట్యూబు తీసింది. అడుగు దాకా పిండి, మడిచి, మళ్లీ పిండిన ట్యూబు. "నాలుగు మొటిమలకు మందుల దుకాణంలో ఇచ్చారు అత్తా. మొదట భలే తగ్గింది" అంది. దాని మీద చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్ అని ఉంది. పూత మందు స్టెరాయిడ్లలో అతి తీవ్రమైన రకం అది.

మొదట తగ్గుతుంది, అక్కడే మోసపోతాం. స్టెరాయిడ్ ఎరుపునూ వాపునూ అణచేస్తుంది, ముఖం తేటబడినట్టు కనిపిస్తుంది. వారాలు గడిచేకొద్దీ చర్మం పలచబడి సన్నటి రక్తనాళాలు తేలతాయి, మొటిమల్లాంటి పొక్కులు లేస్తాయి. మానితే మంట, ఎరుపు రెట్టింపు. భయపడి మళ్లీ అదే పూస్తారు. ఈ సుడిలో పడి ఏళ్లు పోగొట్టుకున్న ఆడపిల్లలను మా చుట్టాల్లోనే చూశాను. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని నిబంధన పెట్టింది. అయినా అడిగితే చేతిలో పెడుతూనే ఉన్నారు.

కొనేముందు పేరు చదవండి. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్: వీటిలో ఏది కనిపించినా డాక్టరు చెప్పనిదే ముఖానికి పూయకండి. తెల్లబడే క్రీముల్లో కూడా వీటిని కలుపుతారు.

మొటిమలాంటిదల్లా మొటిమ కాదు. మామూలు మొటిమల్లో నల్ల ముల్లు (బ్లాక్‌హెడ్), తెల్ల ముల్లు (వైట్‌హెడ్), చీము గడ్డ కలగలిసి ఉంటాయి. అన్నీ ఒకే తీరుగా, ఒక్కసారిగా లేచి, ముల్లు లేకపోతే కారణం వేరే ఉండవచ్చు. మన ఎండల్లో చెమటకు నుదుటి అంచున, ఛాతీ మీద, వీపు మీద దురదగా వచ్చే పొక్కులు చాలాసార్లు ఫంగస్ వల్ల వస్తాయి. వాటికి యాంటీబయాటిక్ మింగితే ఇంకా పెరగవచ్చు.

మందుల వల్లా వస్తాయి: టీబీకి వాడే ఐసోనియాజిడ్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, మానసిక జబ్బుకు వాడే లిథియం, స్టెరాయిడ్ మాత్రలు. పొక్కులొచ్చాయని వాటిని మీ అంతట మీరు ఆపకండి. టీబీ మందు మధ్యలో మానితే జబ్బు మొండికేస్తుంది. రాసిచ్చిన డాక్టరుకే చూపించండి.

ఇక ఇవి గుర్తుంచుకోండి. ట్యూబు పేరు చదవండి. జిమ్ములో ఇచ్చే కండల ఇంజెక్షన్ వేయించుకోకండి, వీపంతా పొక్కులు రావచ్చు. గోళ్లతో గిల్లకండి. నుదుటి దాకా కారేలా నూనె పెట్టకండి. నిమ్మరసం, టూత్‌పేస్టు వద్దు. పెళ్లికి వారం ముందు కొత్త ఫేషియల్ వద్దు. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ విభాగం ఉంది, వెళ్లండి. నెలల తరబడి స్టెరాయిడ్ పూసి ఉంటే ఎలా మానాలో డాక్టరునే అడగండి. వాడిన ట్యూబు పారేయకుండా వెంట తీసుకెళ్లి చూపించండి. పక్కింటావిడకు తగ్గిందని ఆవిడ ట్యూబు అడిగి తెచ్చుకోకండి. మీ ట్యూబు చెల్లెలికి ఇవ్వకండి. పేరు చదవకుండా ఏదీ ముఖానికి పూయకండి.