తర్కంతో లోకాన్ని చూద్దాం – 4వ పాఠం: ఉపాధిని పట్టుకోవడం

పోయిన పాఠంలో ‘కొండమీద నిప్పుంది, పొగ ఉంది కాబట్టి, వంటింట్లోలాగా’ అన్న అనుమానాన్ని విడదీశాం. తర్కంలో అనుమానం అంటే సందేహం కాదు, కనిపించినదాన్ని బట్టి కనిపించనిదాన్ని తేల్చడం. కొండ పక్షం (దేని గురించి చెప్తున్నామో అది), నిప్పు సాధ్యం (నిరూపించాల్సింది), పొగ హేతువు (చూపించే కారణం), వంటిల్లు దృష్టాంతం (ఉదాహరణ). ఈ నాలుగు పేర్లూ తడబడకుండా చెప్పగలిగితేనే ముందుకు రండి.

ఇప్పుడు ఆ వాక్యాన్ని తిరగేద్దాం. ‘కొండమీద పొగ ఉంది, నిప్పుంది కాబట్టి.’ ఇప్పుడు పొగ సాధ్యం, నిప్పు హేతువు. వినడానికి బాగానే ఉంది. కానీ కొలిమిలోంచి ఎర్రగా కాలిన ఇనప గుండును పట్టుకారుతో బయటికి తీస్తే ఏం కనిపిస్తుంది? ఒళ్ళంతా నిప్పే, పొగ మాత్రం లేదు. పాత తార్కికుల లెక్కలో పొగ రావాలంటే నిప్పుకు తడి కట్టె తగలాలి. హేతువు చాటున ఉండి అసలు పని చేసే ఇలాంటిదాన్ని ఉపాధి అంటారు. 17వ శతాబ్దంలో అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంలో ఉన్న ఉదాహరణే ఇది. ఆయన తెలుగువాడని ప్రతీతి.

ఉపాధిని పట్టుకోవడానికి రెండు ప్రశ్నలు చాలు. మనం ఉపాధి అనుకున్నది సాధ్యం ఉన్న ప్రతిచోటా ఉందా? హేతువు ఉన్న ప్రతిచోటా ఉందా? మొదటిదానికి ‘ఉంది’, రెండోదానికి ‘లేదు’ అని వస్తే హేతువు చెడినట్టే. పొగ ఉన్నచోటల్లా తడి కట్టె ఉంటుంది, నిప్పు ఉన్నచోటల్లా ఉండదు.

ఇక అసలు పరీక్ష. ‘ఈ భూమికి, ఈ మొలకకు ఒక కర్త ఉన్నాడు, ఇవి కార్యాలు (ఒకప్పుడు లేక, తర్వాత పుట్టినవి) కాబట్టి, కుండలాగా.’ ఈశ్వరుణ్ణి నిరూపించడానికి నైయాయికులు, అంటే న్యాయదర్శనం పాటించే తార్కికులు, పట్టుకున్న వాదం ఇది. ఉదయనాచార్యులు న్యాయకుసుమాంజలిలో దీన్ని గట్టిగా నిలబెట్టారు. ఎదుటివాడు ఉపాధి చూపిస్తాడు: శరీరం ఉన్నవాడు చేయడం. కుండకు, బట్టకు, కర్త ఉన్న ప్రతిదానికీ అది ఉంది. అడవిలో మొలక కార్యమే, కానీ దాన్ని ఏ శరీరధారీ చేయలేదు. అనుమానం కూలినట్టేనా?

తొందరపడకండి. నైయాయికుడి జవాబు మొదటి ప్రశ్న మీదే పడుతుంది. మొలకకు కర్త ఉన్నాడా లేడా అన్నదే కదా తగాదా! అది తేలకుండా ‘కర్త ఉన్నచోటల్లా శరీరం ఉంది’ అని ఎలా తేల్చేస్తావు అంటాడు. నాకు ఈ జవాబు బలమైనదే అనిపిస్తుంది. కుండను చూసి దేవుణ్ణి ఊహించడం పిల్లల మాట అని కొట్టిపారేసేవాళ్ళు ఇక్కడిదాకా వచ్చి చూడాలి.

అయితే రామానుజులు, అంతటి భక్తులు, ఈ అనుమానాన్ని ఒప్పుకోలేదు. మేడ కట్టినవాళ్ళు చాలామంది ఉంటారు, లోకానికి కర్త ఒక్కడే అని కార్యాన్ని చూసి ఎలా చెప్తారు అన్నది శ్రీభాష్యంలో ఆయన అభ్యంతరాల్లో ఒకటి. ఈశ్వరుడు శాస్త్రం (వేదం) వల్లే తెలుస్తాడన్నది ఆయన నిలిచిన చోటు. నమ్మకం ఎంత గట్టిదైనా, సరిపోని హేతువును సరిపోదనే అన్నారు. ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

ఈ వారం అభ్యాసం: ‘వాడికి మంచి మార్కులొస్తాయి, కోచింగ్‌కి వెళ్తున్నాడు కాబట్టి, పోయినేడు ఫస్టొచ్చిన పక్కింటి అబ్బాయిలాగా.’ ఇందులో ఉపాధిని వెతకండి. ‘ఇష్టంగా చదవడం’ అని మీకు తోచవచ్చు. కానీ ఇష్టం లేకుండా, ఇంట్లోవాళ్ళ భయానికి చదివి మార్కులు తెచ్చుకునేవాళ్ళు లేరా? అలాంటివాడు ఒక్కడు దొరికినా మొదటి ప్రశ్న దగ్గరే అది వీగిపోతుంది, ఇంకొకటి వెతకాల్సిందే.