కేంద్రక సమీకరణాన్ని తుల్యం చేసేదెలా?

రసాయన సమీకరణాల్లో పరమాణువులు లెక్కపెట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు, మూలకమే మారిపోతుంది కదా. నేను పిల్లలతో ముందు రెండు వరుసలు రాయిస్తాను: పైన ద్రవ్యరాశి సంఖ్యలు (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి), కింద పరమాణు సంఖ్యలు (ప్రోటాన్లు మాత్రమే). బాణానికి అటూ ఇటూ ఏ వరుసకా వరుస మొత్తం సరిపోవాలి.

యురేనియం-235ను న్యూట్రాన్ ఢీకొంటే బేరియం-141, క్రిప్టాన్-92 వచ్చాయనుకోండి. ఎడమవైపు పైన 235+1, అంటే 236. కుడివైపు 141+92, అంటే 233. మూడు తక్కువ. కింది వరుస చూస్తే ఎడమవైపు యురేనియం 92, కుడివైపు 56+36 = 92, సరిగ్గా ఉంది. అంటే తగ్గిన మూడింటికీ ఆవేశం లేదు: అవి మూడు న్యూట్రాన్లు. ఒక చీలిక మరో చీలికకు దారితీసే శృంఖల చర్యను నడిపేవి ఇవే. విచ్ఛిత్తి (కేంద్రకం ఇలా చీలడం) రాసి వీటిని వదిలేస్తే నేను మార్కు వేయను.

రేడియోధార్మిక క్షయంలో ఎడమవైపు ఉండేది ఒక్క కేంద్రకమే. ఆల్ఫా కణం (రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు) పోతే పైన 4, కింద 2 తగ్గించండి: యురేనియం-238 కాస్తా థోరియం-234 అవుతుంది. చాలామంది తడబడేది బీటా దగ్గర. బయటికి పోయే ఎలక్ట్రాన్ కింద -1 రాయాలి. అందుకే పరమాణు సంఖ్య ఒకటి పెరుగుతుంది, తగ్గదు. కార్బన్-14 నైట్రోజన్-14 అయ్యేది అలాగే.

సంలీనం తేలిక. డ్యుటీరియం (హైడ్రోజన్-2), ట్రిటియం (హైడ్రోజన్-3) కలిస్తే హీలియం-4, ఒక న్యూట్రాన్, 17.6 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వస్తాయి. పైన 5, కింద 2 రావాలి, వేసి చూడండి.