తక తక తకిట: హనుమకొండలో రెండు రోజుల బల్గేరియన్, బ్రెటన్ నాట్య శిబిరం

రెండు రోజుల్లో ఐదు ఆటలు చాలు. ఫ్రాన్స్ వాయవ్య మూలనున్న బ్రిటనీవి (వాటినే బ్రెటన్ అంటారు) రెండు: అన్ ద్రో, హంతెర్ ద్రో. బల్గేరియావి మూడు: ప్రావో హోరో, పైదుష్కో, రచెనిత్సా. పది నేర్పాలని పెట్టుకుంటే ఆదివారం సాయంత్రానికి ఒక్కటీ కాళ్లలో మిగలదు. శనివారమంతా బ్రెటన్‌కు ఇవ్వండి. దాని లయ సమంగా నడుస్తుంది, వలయంలో పక్కవాళ్లతో కలిసి కదలడం అలవాటవుతుంది. అసలు చిక్కు బల్గేరియన్ లెక్కలో ఉంది, దాన్ని ఆదివారం పట్టండి.

హాలు, నేల, చేతులు

పుష్యమాసంలో ముహూర్తాలుండవు కాబట్టి ఫంక్షన్ హాళ్లు ఖాళీగా దొరుకుతాయి. చలికాలం కావడం ఇంకా మేలు. సంక్రాంతి వారం మాత్రం వదిలేయండి. మేడారం జాతర ఉన్న ఏడాది మాఘంలో ఆ వారం జోలికి పోవద్దు, ఊళ్లో బండి దొరకదు.

ఇరవై నలుగురికి మించి తీసుకోవద్దు. మనిషికి రెండున్నర అడుగుల లెక్కన వలయం చుట్టుకొలత 60 అడుగులు, అడ్డం సుమారు 19 అడుగులు అవుతుంది. చుట్టూ ఖాళీ కూడా కావాలి కాబట్టి కుర్చీలు తీసేసిన 30 బై 30 అడుగుల జాగా చూడండి. నునుపు గ్రానైట్ మీద సాక్సులతో ఆడితే జారిపడతారు, ఉత్త కాళ్లతో ఎగిరితే మడమలు దెబ్బతింటాయి. పలచని అడుగున్న కాన్వాస్ బూట్లు సరిపోతాయి. తివాచీ ఉంటే చుట్టిపెట్టండి, కాలు మెలితిరిగేది దాని మీదే.

హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. మోత సాగుతూ ఉంటే ఆ హాల్లో రచెనిత్సా నేర్పలేరు, దెబ్బలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. తప్పనిసరైతే స్పీకరును గోడవార కాకుండా వలయం నడుమ స్టూలు మీద పెట్టండి.

గాజులు, ఉంగరాలు ముందే తీయించాలి. బ్రెటన్ ఆటలో చిటికెన వేళ్లు పెనవేస్తారు, ఉంగరముంటే వేలు కమిలిపోతుంది. చున్నీలు నడుముకు బిగించుకోవాలి. పరాయివాళ్ల చేయి పట్టుకోవడానికి మొహమాటపడేవాళ్లు మన దగ్గర ఉంటారు. వాళ్లను బలవంతపెట్టకుండా ఇద్దరి నడుమ ఒక దస్తీ ఇచ్చి చెరో కొసా పట్టుకోమనండి. ఆట ఏమీ చెడదు. బల్గేరియన్ నడికట్టు పట్టుకు మనిషికి రెండున్నర మీటర్ల మందపాటి నూలు గుడ్డ తెచ్చి, నాలుగు వేళ్ల వెడల్పున మడిచి కట్టించండి. ఎడమ చేయి పక్కవాళ్ల చేతికి పైనుంచి, కుడి చేయి కిందినుంచి పోయి వాళ్ల నడికట్టును పట్టుకోవాలి. వరుసలో ఒక్కరు తిరగేసినా పక్కన ఇద్దరి భుజాలు లాగుతాయి.

ఎటు తిరగాలి

మొదటి గంటలో జరిగే గుద్దులాటకు కారణం ఇదే. బ్రెటన్ వలయం ఎడమకు పోతుంది, బల్గేరియన్ హోరో, అంటే చేతులు కలిపి వరుసగా ఆడే ఆట, కుడికి. లోపలికి తిరిగి నిలబడినప్పుడు ఎడమకు పోవడమంటే గుడి చుట్టూ తిరిగే దిక్కే. కాబట్టి ‘బ్రెటన్ ప్రదక్షిణం, బల్గేరియన్ అప్రదక్షిణం’ అని ఒకసారి చెబితే చాలు, చాక్‌పీసుతో బాణాలు గీయనక్కర్లేదు.

శనివారం: అన్ ద్రో

ఎనిమిది లెక్కలు. 1 ఎడమ కాలు పక్కకు, 2 కుడి కాలు దగ్గరికి, 3 మళ్లీ ఎడమ, 4 ఆగు. 5 కుడి, 6 ఎడమ, 7 కుడి, మూడూ ఉన్నచోటే, 8 ఆగు. ముందు చేతులు వదిలేసి పది నిమిషాలు కాళ్లే నడిపించండి. తర్వాత నిలబడి చేతులే: మొదటి నాలుగింటికి ముంజేతులు గుండె వైపు చుట్టుకుంటూ లేస్తాయి, తర్వాతి నాలుగింటికి బయటికి విప్పుకుంటూ దిగుతాయి. రెండూ ఒకేసారి నేర్పితే అందరూ చేతులే చూసుకుంటూ కాళ్లు మరిచిపోతారు. ఐదో లెక్కలో కూడా ఎడమకు పోయేవాళ్లు ప్రతి బ్యాచులో ఉంటారు. వాళ్లకు ‘5, 6, 7’ అనకుండా ‘ఇక్కడే, ఇక్కడే, ఇక్కడే’ అనండి.

హంతెర్ అంటే సగం. ఎడమ, కుడి, ఎడమ, ఆగు, కుడి, ఆగు: ఆరు లెక్కలే. ఇక్కడ చేతులు ఊగవు. ముంజేయికి ముంజేయి ఆనించి భుజాలు తగిలేంత దగ్గరగా నిలబడతారు. అన్ ద్రో అలవాటుతో చేతులు లేపేవాళ్లు వరుసనంతా కుదిపేస్తారు.

బ్రిటనీలో ఈ ఆటలాడే రాత్రి కూడికను ఫెస్ట్-నోజ్ అంటారు. యునెస్కో 2012లో దాన్ని అవ్యక్త వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి కాన్ హ దిస్కాన్ పాట పద్ధతి బతుకమ్మ ఆడినవాళ్లకు ఇట్టే పట్టుబడుతుంది. ఒకరు చరణం అంటే ఇంకొకరు తిరిగి అంటారు. తేడా ఒక్కటే: రెండో గొంతు పాదం పూర్తయ్యేదాకా ఆగదు, చివరి అక్షరాల దగ్గరే అందుకుంటుంది. మొదటి గొంతు కూడా మళ్లీ అలాగే అందుకుంటుంది. సందు ఉండదు కాబట్టి కాలూ ఆగదు. ‘ఉయ్యాలో’ పాటనే ఇద్దరితో ఇలా పాడించి చూడండి, పావుగంటలో వస్తుంది.

ఆదివారం: కుంటే లెక్కలు

ప్రావో హోరోతో మొదలుపెట్టండి. కుడి, ఎడమ త్వరగా, తర్వాత కుడి నిదానంగా, ఎడమ నిదానంగా. మొత్తం ఆరు దెబ్బలు. పాట వరుస సాధారణంగా పదహారు దెబ్బలది. ఆరు, పదహారు కలిసేది 48వ దెబ్బకే. అందుకే పాట మలుపు తిరిగినప్పుడల్లా కొత్తవాళ్లు ‘తప్పాం’ అనుకుని ఆగిపోతారు. తప్పలేదు, ఆట అంతే. పాటను వదిలి కాలును నమ్మమని చెప్పండి.

పైదుష్కో ఐదు మాత్రలు (సమానమైన చిన్న లెక్కలు), రెండు, మూడు: తక తకిట. కర్ణాటక సంగీతంలోని ఐదు మాత్రల తాళం ఖండచాపు తెలిసినవాళ్లకు కొత్తేమీ కాదు. ‘తక’కు ఎడమ కాలి మీద చిన్న గెంతు, ‘తకిట’కు కుడి అడుగు. తర్వాతి ఆవృత్తంలో, అంటే తర్వాతి ఐదు మాత్రల చుట్టులో, కాళ్లు మారతాయి. ఇలా కుడికి నాలుగు. తర్వాత ‘తక’కు కుడి కాలు ఎడమ ముందునుంచి దాటుతుంది, ‘తకిట’కు ఎడమ కాలు పక్కకు పడుతుంది, ఇలా ఎడమకు నాలుగు. చివర మొదటి గెంతులే వెనక్కి నాలుగు. చెడేదంతా గెంతు దగ్గరే. ఎత్తుగా ఎగిరితే దిగేలోపు రెండు మాత్రలు మూడవుతాయి, ఐదు కాస్తా ఆరవుతుంది. మడమ నేల విడిచీ విడవనట్టు లేస్తే చాలు.

రచెనిత్సా ఏడు మాత్రలు: తక తక తకిట. కుడి, ఎడమ, కుడీ. ఎడమ, కుడి, ఎడమా. ఇక్కడ సంగీతం నేర్చుకున్నవాళ్లే ముందు తప్పుతారు. ఏడు వినగానే చెవి కర్ణాటక సంగీతంలోని ఏడు మాత్రల తాళం మిశ్రచాపు వైపు పోతుంది. మిశ్రచాపులో మూడు ముందుంటుంది, ఇందులో చివరుంటుంది. కాలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆవృత్తం మధ్యలో దూరుతారు. మూడు ముందుండే బల్గేరియన్ ఆట వేరే ఉంది, దాని పేరు చెత్‌వోర్నో. రెండింటినీ ఒకే రోజు నేర్పకండి. సంగీతం రానివాళ్ల తప్పు ఇంకోటి: తీన్మార్‌కు అలవాటైన కాలు చివరి ‘తకిట’ను సాగదీసి ఏడును ఎనిమిది చేస్తుంది. ‘ట’ అనగానే తర్వాతి కాలు లేవాలని పట్టుబట్టండి.

రికార్డింగును 0.75 వేగంతో పెట్టండి. మరీ తగ్గిస్తే రెండుకూ మూడుకూ తేడా చెవికి ఆనదు. అంతకన్నా మంచి దారి డప్పు కళాకారుణ్ని పిలిపించడం. బల్గేరియన్ పెద్ద డోలు తూపన్‌ను ఒకవైపు బరువైన కర్రతో, రెండోవైపు సన్నని బెత్తంతో వాయిస్తారు. మన డప్పుకు సిర్ర, చిటికెన పుల్ల ఉండనే ఉన్నాయి. ‘తక’ అయినా ‘తకిట’ అయినా ప్రతిదాని మొదటి మాత్రకు సిర్ర, మిగతా వాటికి పుల్ల వాడమంటే అరగంటలో కుదురుతుంది. పారితోషికం ముందే మాట్లాడుకోండి.

వరుసలో బాగా వచ్చినవాళ్లందరినీ ముందు పెట్టకండి, ప్రతి ముగ్గురికి ఒకరిని కలపండి. ముందున్నవాళ్లు పెద్ద అడుగులు వేస్తే తోక చివరివాళ్లు కొరడా కొసలా విసిరినట్టవుతారు.

ముప్పావు గంటకోసారి విరామం ఇవ్వండి. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు రోజుకు మూడు పడతాయి. మధ్యాహ్నం పెరుగన్నం, అరటిపండు పెట్టండి. బిర్యానీ పెడితే మూడు గంటల క్లాసు పోయినట్టే.

ఆదివారం సాయంత్రం గంటన్నర చిన్న ఫెస్ట్-నోజ్. స్టేజీ, ముఖ్య అతిథి, శాలువాలు వద్దు, చూడవచ్చినవాళ్లనూ వలయంలోకి లాగండి. రచెనిత్సా ఒక్కటి పదినిమిషాలు దాటించకండి. పిక్కలు పట్టేస్తే తర్వాత అన్ ద్రో వేయండి, ఆడుతూనే కాళ్లు సేదదీరతాయి.