మందులకు లొంగని సెగగడ్డలు: చిన్న క్లినిక్‌లో చికిత్స చేసే విధానం

వేసవి మొదలయ్యేసరికి ఊళ్లలోని క్లినిక్‌లకు సెగగడ్డలతో వచ్చేవారు పెరుగుతారు. మామిడిపండ్లు తిని వేడి చేసిందని ఒకరంటారు, ఏదో పురుగు ముట్టిందని మరొకరంటారు. చాలామంది అప్పటికే మందుల దుకాణంలోనో ఆర్‌ఎంపీ దగ్గరో ఇచ్చిన సెఫిక్సైమ్ అనే యాంటీబయాటిక్ మాత్రలు నాలుగైదు రోజులు మింగి, తగ్గకపోవడంతో వస్తారు. దీన్ని చూసి వెంటనే మందులకు లొంగని క్రిమి అని తీర్మానించడం సరికాదు. సెగగడ్డలకు సాధారణంగా కారణమయ్యే స్టాఫిలోకాకస్ క్రిమి మామూలు రకం మీద కూడా సెఫిక్సైమ్ సరిగా పనిచేయదు. పైగా చీము గూడుకట్టిన గడ్డలోకి ఏ మందూ తగినంతగా చేరదు. కాబట్టి మాత్ర మార్చడానికి ముందు చీము ఉందా, దాన్ని బయటికి తీశారా అని చూసుకోవాలి.

పెనిసిలిన్ జాతికి చెందిన మెథిసిలిన్ 1959లో వాడుకలోకి వస్తే, 1961 నాటికే దానికి లొంగని స్టాఫిలోకాకస్ ఆరియస్ బ్రిటన్‌లో కనిపించింది. దీనినే ఎంఆర్‌ఎస్‌ఏ అంటున్నాం. మెక్‌ఏ అనే జన్యువు వల్ల ఈ క్రిమి తన గోడను కట్టుకునే ప్రొటీన్‌నే మార్చుకుంటుంది, అందుకే క్లాక్సాసిలిన్, సెఫాలెక్సిన్, సెఫిక్సైమ్ ఏవీ దానికి అంటవు. అమాక్సిసిలిన్‌కు క్లావులనేట్ జోడించినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే క్లావులనేట్ అడ్డుకునేది పెనిసిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌నే తప్ప మారిపోయిన ప్రొటీన్‌ను కాదు. చాలాకాలం దీన్ని ఆసుపత్రి జబ్బుగానే భావించారు. 1997–99 మధ్య అమెరికాలోని మిన్నెసోటా, నార్త్ డకోటా రాష్ట్రాల్లో ఆసుపత్రి ముఖం చూడని నలుగురు పిల్లలు దీనితో చనిపోయాక ఆ భావన మారింది. మన దేశంలో ఈ క్రిమిలోని ఎస్‌టీ22, ఎస్‌టీ772 అనే జన్యు రకాలు ఆసుపత్రుల బయట కూడా కనిపిస్తున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి నిఘాలో స్టాఫిలోకాకస్ ఆరియస్ నమూనాల్లో ఎంఆర్‌ఎస్‌ఏ వాటా ఇటీవలి సంవత్సరాల్లో సుమారు 40 శాతం దాకా ఉన్నా, ఆ నమూనాలు ప్రధానంగా పెద్ద ఆసుపత్రులవి గనుక మన క్లినిక్‌కు వచ్చే ప్రతి కురుపుకూ అదే లెక్క వర్తించదు.

పరీక్షలో మొదట చీము ఉన్న జబ్బునూ లేని జబ్బునూ వేరు చేయాలి. గడ్డను రెండు వేళ్లతో పట్టి నొక్కితే లోపల ద్రవం కదిలినట్టు తెలుస్తుంది. సందేహం ఉంటే సూదితో లాగి చూడవచ్చు. చీము లేకుండా చర్మం ఎర్రబడి, వేడెక్కి, వాచి పాకుతున్న సెల్యులైటిస్‌కు ఎక్కువగా స్ట్రెప్టోకాకస్ అనే మరో క్రిమి కారణం. రోగి నిలకడగా ఉంటే దానికి సెఫాలెక్సిన్ వంటి పాత మందే సరిపోతుంది, ఎంఆర్‌ఎస్‌ఏ కోసం మందు చేర్చనవసరం లేదు. మరో రెండు జాగ్రత్తలున్నాయి. గజ్జలోనో మెడలోనో చంకలోనో ఉన్న వాపు నాడితో పాటు కొట్టుకుంటుంటే అది ఉబ్బిన రక్తనాళం కావచ్చు, దానిమీద కత్తి పెట్టకూడదు. మెడలో నెలల తరబడి నొప్పి, వేడి లేకుండా ఉన్న మెత్తని గడ్డ క్షయవల్ల వచ్చేదై ఉండే అవకాశం మన దగ్గర గణనీయం. దాన్ని కోస్తే మానని పుండు మిగులుతుంది.

చీము ఉందని తేలితే కోసి తీయడమే అసలు చికిత్స. చర్మాన్ని శుభ్రం చేసి, గడ్డ మధ్యలో కాకుండా చుట్టూ లిగ్నోకైన్ మత్తుమందు ఎక్కించాలి. చీము ఆమ్లగుణం వల్ల గడ్డలోపల మత్తు సరిగా పట్టదు, పైగా ఒత్తిడి పెరిగి నొప్పి ఎక్కువవుతుంది. అడ్రినలిన్ కలపని లిగ్నోకైన్ శరీర బరువులో కిలోకు 4.5 మిల్లీగ్రాములు దాటకూడదు. 60 కిలోల మనిషికి 2 శాతం ద్రావణమైతే 13 మిల్లీలీటర్ల దగ్గరే ఆగాలి. 11వ నంబరు బ్లేడుతో చర్మపు గీతల వెంబడి, మెత్తబడిన భాగమంతా తెరుచుకునేలా కోయాలి. గాటు చిన్నదైతే పైన మూసుకుపోయి లోపల చీము మళ్లీ నిండుతుంది. మచ్చ పడుతుందని సూదిమొనంత రంధ్రం చేసి వదిలేయడమే ఇక్కడ తరచుగా జరిగే తప్పు. తర్వాత ఆర్టరీ ఫోర్సెప్స్ లోపలికి పోనిచ్చి, గూళ్లను విడగొట్టి, సెలైన్‌తో కడగాలి. అయిదు సెంటీమీటర్ల లోపు గడ్డల్లో గాజుగుడ్డ బిగించి కుక్కడం వల్ల నొప్పే తప్ప అదనపు మేలు లేదు. పెద్దవాటిలో వదులుగా పెడితే చాలు. 24 నుంచి 48 గంటల్లో మళ్లీ చూడాలి.

ముఖంమీద ముక్కుకూ పైపెదవికీ చుట్టుపక్కల వచ్చే గడ్డలను క్లినిక్‌లో కోయకూడదు, పిండకూడదు. అక్కడి సిరలు మెదడు దగ్గరి సిరలతో కలుస్తాయి. అరచేయి, మలద్వారం పక్క, రొమ్ము మీది గడ్డలను శస్త్రచికిత్స నిపుణులకు పంపడం మేలు. కంటికి కనిపించే మార్పు కొద్దిగానే ఉన్నా నొప్పి భరించలేనంతగా ఉంటే, చర్మం నల్లబడుతున్నా, నొక్కితే కరకరమన్నా, గంటల వ్యవధిలో ఎరుపు పాకుతున్నా, రక్తపోటు పడిపోతున్నా అది లోతు కణజాలం కుళ్లుతున్న లక్షణం కావచ్చు. ఒక్క మోతాదు మందు ఇచ్చి రేపు చూద్దామనకుండా, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి.

చీమును కోసిన వెంటనే లోపలి నుంచి తీసి కల్చర్‌కు (క్రిమిని పెంచి గుర్తించే పరీక్షకు) పంపాలి, పైపై పుండు మీద అద్దిన దూది పనికిరాదు. అందరికీ పరీక్ష చేయించే వీలు లేకపోతే, జ్వరం ఉన్నవారికి, మందు పనిచేయనివారికి, మళ్లీ మళ్లీ గడ్డలు వచ్చేవారికి తప్పక చేయించాలి. ల్యాబ్‌లో సెఫాక్సిటిన్ మందు అద్దిన కాగితపు బిళ్లకు క్రిమి లొంగకపోతే ఎంఆర్‌ఎస్‌ఏ అని అర్థం. క్లిండమైసిన్ పనిచేస్తుందని నివేదిక వచ్చినా ఎరిత్రోమైసిన్‌కు లొంగలేదని ఉంటే డి-టెస్ట్ (క్లిండమైసిన్‌కు దాగి ఉన్న నిరోధకతను బయటపెట్టే పరీక్ష) చేశారా అని అడగాలి. ఆ పరీక్ష పాజిటివ్ అయితే చికిత్స మధ్యలో క్లిండమైసిన్ విఫలమయ్యే ప్రమాదం ఉంది.

కోసిన తర్వాత యాంటీబయాటిక్ అందరికీ కావాలా అన్నది చాలాకాలం చర్చనీయాంశంగా ఉంది. 2016లో అమెరికాలో వచ్చిన పెద్ద అధ్యయనంలో కో-ట్రైమాక్సజోల్ (సల్ఫా, ట్రైమెథోప్రిమ్ కలిసిన మందు) తీసుకున్నవారిలో 80.5 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 73.6 శాతం నయమయ్యారు. 2017లో అయిదు సెంటీమీటర్ల లోపు గడ్డల మీద జరిగినదానిలో క్లిండమైసిన్‌తో 83.1, కో-ట్రైమాక్సజోల్‌తో 81.7, ఉత్తుత్తి మాత్రతో 68.9 శాతం. మేలు ఉంది కానీ, మందు లేకుండానే మూడింట రెండు వంతుల మందికి పైగా నయమైన సంగతి కూడా ఇందులోనే ఉంది. నా మటుకు, ఆరోగ్యంగా ఉన్న యువకుడికి ఒకే చిన్న గడ్డ ఉండి చీమంతా వచ్చేస్తే, విషయం చెప్పి మందు రాయకుండా పంపుతాను. 38 డిగ్రీలు దాటిన జ్వరం, 90 దాటిన నాడి, చుట్టూ పాకుతున్న ఎరుపు, చాలాచోట్ల గడ్డలు, మధుమేహం, రోగనిరోధకశక్తి తగ్గడం, పసితనం లేదా వృద్ధాప్యం వంటివి ఉంటే మాత్రం తప్పక ఇవ్వాలి.

పెద్దలకు కో-ట్రైమాక్సజోల్ డబుల్ స్ట్రెంత్ మాత్ర ఒకటి లేదా రెండు రోజుకు రెండుసార్లు, లేదా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రెండుసార్లు, లేదా క్లిండమైసిన్ 300–450 మిల్లీగ్రాములు మూడుసార్లు, సాధారణంగా అయిదు నుంచి పది రోజులు ఇస్తాం. పిల్లలకు కో-ట్రైమాక్సజోల్‌ను ట్రైమెథోప్రిమ్ లెక్కన మోతాదుకు కిలోకు 4–6 మిల్లీగ్రాములు, 12 గంటలకొకసారి ఇవ్వాలి. సల్ఫా పడనివారికి, రెండు నెలల లోపు శిశువులకు, నెలలు నిండిన గర్భిణులకు, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవారికి ఇది తగదు. రక్తపోటుకు టెల్మిసార్టాన్ వాడే పెద్దవయసువారిలో ఇది పొటాషియాన్ని పెంచుతుంది. ఎదురుగా కూర్చున్న రోగికి బీపీ మాత్ర ఉందా అని అడగడం మరచిపోయే చోట ఇది మరీ ప్రమాదకరం. డాక్సీసైక్లిన్‌ను గర్భిణులకు ఇవ్వరాదు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు సాధారణంగా ఇవ్వరు. దాన్ని నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని వెంటనే పడుకోవద్దని చెప్పాలి. క్లిండమైసిన్ వేసుకుంటుండగా విరేచనాలు మొదలైతే ఆపి తిరిగి రమ్మనాలి.

లినెజోలిడ్ బాగా పనిచేస్తుంది గనుక మొదటి చీటీలోనే రాసేస్తున్నవారున్నారు. అది మందులకు లొంగని క్షయ చికిత్సకు కీలకమైన మందుల్లో ఒకటి, అందుకే ఇలా వాడేయకూడదు. లెవోఫ్లాక్సాసిన్ ఎంఆర్‌ఎస్‌ఏ మీద నమ్మదగినది కాదు, పైగా క్షయ లక్షణాలను తాత్కాలికంగా కప్పిపుచ్చుతుంది. రిఫాంపిసిన్ ఒక్కదాన్నే ఎన్నడూ వాడరాదు. స్టెరాయిడ్ కలిసిన చర్మపు క్రీములు కురుపుల మీద పూయించడం ఆపించాలి.

గడ్డలు మళ్లీ వస్తుంటే ముందు రక్తంలో చక్కెర చూడాలి. తువ్వాలు, షేవింగ్ రేజరు, పక్కబట్టలు ఎవరివి వారికే ఉండాలి. హాస్టళ్లలో, కుస్తీ, కబడ్డీ ఆడేవారిలో ఒకరి నుంచి ఒకరికి అంటుకోవడానికి ఇవే ప్రధాన దారులు. ఇంట్లో ఇంకొకరికి కురుపులున్నాయా అని అడిగి ఇద్దరికీ కలిపి చికిత్స చేయాలి. అవసరమైతే రెండు శాతం మ్యుపిరోసిన్ లేపనం ముక్కు రంధ్రాల్లో రోజుకు రెండుసార్లు అయిదు నుంచి పది రోజులు, క్లోర్‌హెక్సిడిన్ స్నానం అయిదు నుంచి 14 రోజులు చెప్పవచ్చు. పాశ్చాత్య పుస్తకాల్లో కనిపించే బ్లీచ్ స్నానం తొట్టికి లెక్కగట్టినది. బకెట్ స్నానానికీ, గాఢత తెలియని బ్లీచింగ్ పౌడరుకూ దాన్ని తెచ్చి అతికించడం సరికాదు. చంకల్లో, గజ్జల్లో, నడుము కింద అదే చోట గడ్డ మళ్లీ మళ్లీ వస్తుంటే అది మామూలు సెగగడ్డ కాకపోవచ్చు. హైడ్రాడెనైటిస్ (చంకల్లో, గజ్జల్లో తిరగబెట్టే చర్మవ్యాధి) లేదా పైలోనిడల్ సైనస్ (నడుము కింద పిరుదుల మధ్య ఏర్పడే చీము దారి) ఉందేమో చూడమని చర్మ నిపుణుడికో సర్జన్‌కో చీటీ రాసి ఇవ్వాలి.