సౌర తుఫాను దారిలో ఉండగానే రేడియో టెలిస్కోప్‌తో ఎలా పట్టుకోవాలి

సూర్యుణ్ణి గమనించే ఆదిత్య-ఎల్1 లాంటి అంతరిక్ష నౌకలు మనకి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి, సౌర పవనం (సూర్యుడి నుంచి వీచే ప్లాస్మా, అంటే విద్యుదావేశ కణాల ప్రవాహం) వాటిని దాటాక మనదాకా రావడానికి గంట, ఫాస్ట్‌గా వస్తే అరగంటే. అంతకన్నా ముందే, ఒకట్రెండు రోజుల ముందే తెలియాలంటే ఐపీఎస్ (ఇంటర్‌ప్లానెటరీ సింటిలేషన్, గ్రహాల మధ్య మిణుకు) అనే పద్ధతి ఉంది, 1964లో కేంబ్రిడ్జ్‌లో ఖగోళ శాస్త్రవేత్త హ్యూయిష్ వాళ్ళు బయటపెట్టింది. దూరపు క్వాసార్ (చాలా ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రం) నుంచి వచ్చే రేడియో తరంగాలు సౌర పవనంలోంచి వస్తూ మిణుకుమంటాయి, ఆ మిణుకునే కొలుస్తాం.

ముందు సోర్స్‌లు, అంటే రేడియో తరంగాలు పంపే వస్తువులు, ఎంచుకోండి. 3సీ48 అనే క్వాసార్ లాంటి బాగా చిన్నవే కావాలి, కోణీయ సైజు అర ఆర్క్‌సెకను (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను) దాటితే మిణుకు కనపడదు. సూర్యుడి చుట్టూ అన్ని వైపులా, వీలైనన్ని ఎక్కువ పెట్టుకోండి. ఒక్కో దాన్ని రెండేసి నిమిషాలు, సెకనుకి 50 శాంపిల్స్ చొప్పున రికార్డ్ చేసి, పక్కనే ఖాళీ ఆకాశాన్ని కూడా కాసేపు తీసుకోండి, లేకపోతే రిసీవర్ నాయిస్ ఎంతో తెలీదు. ఈ పనికి ఊటీ టెలిస్కోప్ నిజంగా అద్భుతం, 530 మీటర్ల పొడవు, 327 మెగాహెర్ట్జ్, రేడియో ఖగోళ శాస్త్రవేత్త గోవింద్ స్వరూప్ గారు దాన్ని అక్కడి అక్షాంశానికి సరిపోయే వాలున్న కొండ మీద కట్టించారు కాబట్టి ఒక్క అక్షం మీద తిప్పితే చాలు, సోర్స్‌ని తొమ్మిది గంటలకు పైగా ఫాలో అవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మిణుకు ఎక్కువుంది కదా అని తుఫాను అనేయకండి, సూర్యుడికి దగ్గరగా చూస్తే ఎలాగూ ఎక్కువే ఉంటుంది. అందుకే కొలిచిన మిణుకుని, సూర్యుడికీ సోర్స్‌కీ మధ్య ఆ కోణంలో మామూలుగా ఉండాల్సిన మిణుకుతో భాగించాలి, దాన్నే జీ-వాల్యూ అంటారు. 1 దగ్గరుంటే మామూలే, బాగా పెరిగితే ఆ దారిలో ప్లాస్మా దట్టంగా ఉన్నట్టు. ఒక్క సోర్స్‌లో పెరిగితే నమ్మొద్దు, జీ-వాల్యూలన్నీ ఆకాశం మ్యాప్ మీద పెట్టి చూడండి, పక్కపక్కన నాలుగైదింటిలో పెరిగి, మర్నాటికి ఆ మచ్చ సూర్యుడి నుంచి ఇంకా దూరం జరిగితే అప్పుడు సీఎంఈ (సూర్యుడు విసిరేసిన పెద్ద ప్లాస్మా ముద్ద, అదే మన తుఫాను). అది సూర్యుడికి ఎంత దూరంలో ఉందో సుమారుగా ఆ కోణం సైన్ చెప్పేస్తుంది, 30 డిగ్రీలైతే సూర్యుడికీ మనకీ ఉన్న దూరంలో సగం. సాయంత్రం దాటాక మన దగ్గర ఐనోస్ఫియర్ (భూమి పై వాతావరణంలోని విద్యుదావేశ పొర) కూడా మిణుకు తెస్తుంది, అది నిదానంగా ఉంటుంది, ఫిల్టర్ చేసి పక్కన పెట్టండి.

వేగం కావాలంటే జపాన్‌లో నగోయా యూనివర్సిటీ వాళ్ళలాగా రెండు మూడు చోట్ల స్టేషన్లు ఉండటం మేలు. పవనం వీచే దిశలో 100 కిమీ ఎడం ఉండి, అదే మిణుకు పావు సెకను తేడాతో కనిపిస్తే సెకనుకి 400 కిమీ. ఒక్క టెలిస్కోపే ఉంటే పవర్ స్పెక్ట్రమ్‌కి (ఏ వేగంతో మిణుకుతోందో చూపే గ్రాఫ్) మోడల్ ఫిట్ చేసి అంచనా వేయొచ్చు.

చివర్లో ఆదిత్యలో సౌర పవన కణాల్ని కొలిచే ఆస్పెక్స్ అనే పరికరం డేటాతో మీరు లెక్కేసిన టైం పోల్చి చూడండి, గంటల్లో తేడా వస్తే ఫర్లేదు, అసలు రానేలేదంటే మాత్రం అది పక్కకి పోయిందేమో మ్యాప్‌లో మళ్ళీ చూడాలి.