కుటుంబంతో ఒక రాత్రి ట్రెక్కింగ్: బరువు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు

కొండల్లోనో అడవిలోనో ఒక రాత్రి గడిపి రావాలనుకునే కుటుంబం సామాను బరువును మనిషికి ఇంత అని కాకుండా, అందరిదీ కలిపి లెక్క వేసుకోవాలి. నడక మధ్యలో పిల్లలు అలసిపోతే వారి సంచి చేరేది పెద్దల వీపు మీదికే కాబట్టి, ఆ బరువుకు ముందే చోటు ఉంచుకోవడం మంచిది.

తిండి, నీళ్లు, ఇంధనం మినహా మిగిలిన సామాను బరువును బేస్ వెయిట్ అంటారు. అది మనిషికి సుమారు 9 కిలోల లోపు ఉంటే లైట్‌వెయిట్ అనీ, 4.5 కిలోల లోపు ఉంటే అల్ట్రాలైట్ అనీ ట్రెక్కర్లు వ్యవహరిస్తారు. పిల్లలు వెంట ఉన్నవారు రెండో అంకె జోలికి పోనక్కరలేదని నా అభిప్రాయం.

ఖరీదైన పరికరాలు కొనడానికి ముందు, ఉన్నవాటినే వంటింటి త్రాసు మీద ఒక్కొక్కటిగా తూచి, బరువులు కాగితం మీద రాయండి. అప్పుడు ఒకే పనికి రెండు మూడు వస్తువులు పెట్టుకున్న సంగతి బయటపడుతుంది. నలుగురికీ కలిపి ఒక టెంట్, ఒక స్టవ్, ఒక గిన్నె, ఒక వాటర్ ఫిల్టర్, ఒక ప్రథమ చికిత్స పెట్టె సరిపోతాయి. హెడ్‌ల్యాంప్, ఈల మాత్రం ఎవరివి వారికే ఉండాలి. ఒక్క రాత్రికి మార్చుకునే బట్టలు అక్కరలేదు గానీ, పొడి మేజోళ్లు, పడుకునేటప్పుడు వేసుకునే పొడి జత తప్పనిసరి. తడిస్తే త్వరగా ఆరని నూలు బట్టలను ఇంట్లోనే వదిలేయండి.

వెచ్చదనం విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. పడుకున్నప్పుడు స్లీపింగ్ బ్యాగ్ అడుగు భాగం శరీరం కింద నలిగి, గాలిని పట్టి ఉంచే గుణం కోల్పోతుంది. నేల చలిని ఆపేది ఆ కింద పరిచిన మ్యాటే. చలి ఎక్కువగా ఉండే చోటికి వెళ్లేటప్పుడు ఆర్-వాల్యూ (చలిని ఆపే శక్తికి కొలత) ఎక్కువ ఉన్న మ్యాట్ తీసుకోవాలి. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుందన్నది గుర్తుంచుకుని, కింది ఊరి వాతావరణ సూచనను అందుకు తగ్గట్టు సవరించుకోండి.

లీటరు నీరంటే కిలో బరువు. దారిలో నమ్మదగిన వాగు ఉందని ముందే తెలిస్తే, తక్కువ మోసుకెళ్లి అక్కడ వడకట్టుకోవచ్చు. ఫిల్టర్ మొరాయిస్తే నీటిని ఒక నిమిషం పాటు, 2,000 మీటర్లు దాటిన ఎత్తులో మూడు నిమిషాల పాటు తెర్ల కాచాలి.

పిల్లల సంచి బరువు వారి శరీర బరువులో పదో వంతు దాటకుండా చూడండి. చిన్న నీళ్ల సీసా, చలికోటు, చిరుతిండి, మహా అయితే ఒక బొమ్మ; అంతకు మించి వద్దు. సంచి బరువు నడుము పట్టీ మీద నిలవాలి. భుజాల పట్టీ కింద వేలు దూరనంత బిగువుగా ఉంటే కాస్త వదులు చేయండి.

నడకకు పట్టే సమయాన్ని అంచనా వేయడానికి, గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట అని స్కాట్లాండ్ పర్వతారోహకుడు నైస్మిత్ చెప్పిన లెక్క 1892 నాటిది. అది ఆగకుండా నడిచే దృఢమైన పెద్దలకు సరిపోతుంది. పిల్లలతో అయితే ఆ సమయాన్ని రెట్టింపు చేసుకుని, చీకటి పడటానికి కనీసం రెండు గంటల ముందే టెంట్ వేసేలా బయలుదేరండి.