కీబోర్డులా మోగిన హార్న్‌లు దారికొచ్చాయి

బొబ్బిలి యుద్ధం మీద మా విజయనగరం కుర్రాళ్లు షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారు, సంగీతం నా వంతు. 1757లో జరిగిన పోరు కాబట్టి కోట షాట్‌కి వీరత్వం ఉట్టిపడాలని హార్న్‌లు, ట్రాంబోన్‌లు (ఊదే ఇత్తడి వాయిద్యాలు) శాంపిల్స్‌తో, అంటే ముందే రికార్డు చేసిన అసలు వాయిద్యాల శబ్దాలతో, కంప్యూటర్లో వేశాను. విన్న ఎడిటర్ "ఏట్రా బావా, పెళ్లి బేండులా ఉందిది" అన్నాడు. బేండువాళ్లు నయం, మధ్యలో ఊపిరైనా తీసుకుంటారు.

చిక్కు వాల్యూమ్‌లో లేదు. ఇత్తడి వాయిద్యాన్ని గట్టిగా ఊదితే శబ్దం పెరగడమే కాదు, నాదం రంగే మారుతుంది, అంచుల్లో గరగరలాడే మెరుపొస్తుంది. చాలా శాంపిల్ లైబ్రరీల్లో (ఆ శబ్దాల కట్టల్లో) ఆ మార్పు కీబోర్డు మీదుండే మాడ్ వీల్ అనే చక్రం చేతిలో ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌లో దాని పేరు సీసీ 1, విలువ 0 నుంచి 127 దాకా. వాల్యూమ్ ఫేడర్ ఎంత పెంచినా మెత్తటి శాంపిలే పెద్దగా వినిపిస్తుంది. అందుకే పొడుగు స్వరాలకి 55 దగ్గర మొదలై 105 దాకా ఎక్కే గీత గీశాను. పతాక స్వరానికి మాత్రమే 120. పొట్టి స్వరాలకి వెలాసిటీ, అంటే కీ ఎంత గట్టిగా నొక్కామన్నది, సరిపోయింది.

6 హార్న్‌లు ఒకేసారి పలికే ప్యాచ్ (శబ్దం) మీద 3 స్వరాల కార్డ్, అంటే 3 స్వరాలు కలిపి, నొక్కితే 18 మంది ఊదినట్టు, అంతా ముద్ద. ట్యూన్ ఒక్కటే హార్న్‌లకిచ్చి, కార్డ్‌ని సోలో ట్రాంబోన్‌లకి పంచాను. ట్యూన్‌లో అక్కడక్కడా ఊపిరికి ఖాళీ వదిలాను.

లెగాటో, అంటే తెగకుండా ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి జారే స్వరాలు, ఆలస్యంగా పలుకుతుంటే ట్రాక్ డిలే మైనస్ 90 మిల్లీసెకన్లు పెట్టాను, అంటే ఆ ట్రాక్ అంత ముందుగా మోగేలా. మీ లైబ్రరీకి వేరే అంకె పడొచ్చు, డ్రమ్‌తో కలిపి విని చూసుకోండి.

ఎడిటర్‌కి ఇప్పుడు డప్పులు చాలవట.